ఇంట్లో ఒరాకిల్ ర్యాక్ కట్టాలంటే ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి: ముందు మెమరీ లెక్క, తర్వాతే ప్రాసెసర్ పేరు

మీరు అమీర్‌పేటలో ఒరాకిల్ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సు పూర్తి చేశారు, పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ కూడా నేర్చుకోవాలనుకుంటున్నారు, ఇంట్లోనే రెండు నోడ్ల ర్యాక్ (ఒకే డేటాబేస్‌ను నోడ్లు అనే రెండు సర్వర్లు కలిసి నడిపే ఒరాకిల్ క్లస్టర్), డేటా గార్డ్ (ప్రైమరీ డేటాబేస్‌కు స్టాండ్‌బై అనే నకలును సిద్ధంగా ఉంచే ఏర్పాటు) సొంతంగా కట్టి చూడాలని ఉంది, చేతిలో 70,000 రూపాయలు ఉన్నాయి. మ్యాక్‌బుక్ ఎయిర్ తీసుకోమని ఒక మిత్రుడు, ఐ7 కన్నా తక్కువైతే వద్దని మరొక మిత్రుడు, గేమింగ్ ల్యాప్‌టాప్ జోలికి మాత్రం పోవద్దని మీ నాన్నగారు చెప్పారని రాశారు. 16 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది గాని, మీ అవసరానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది మీ నాన్నగారు వద్దన్న రకమే. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఉద్యోగంలో చేరాక మీరు చూసుకునే డేటాబేస్ ఏదీ మీ ల్యాప్‌టాప్‌లో ఉండదు. అది ఎక్కడో డేటా సెంటర్‌లోనో క్లౌడ్‌లోనో ఉంటుంది. మీ చేతిలో ఉన్నది దాన్ని చూసే కిటికీ మాత్రమే. వీపీఎన్, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి ఒక పుట్టీ గాని మోబాఎక్స్‌టెర్మ్ గాని, ఎస్‌క్యూఎల్ డెవలపర్, బ్రౌజర్‌లో డేటాబేస్ పనితీరు చూపే నాలుగు ఏడబ్ల్యూఆర్ రిపోర్టులు, ఒక మీటింగ్ సాఫ్ట్‌వేర్, ఇంతే. 20 టెరాబైట్ల డేటాబేస్‌ను చూసుకునే వ్యక్తి కూడా 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఆఫీసు ల్యాప్‌టాప్‌తో ఏ ఇబ్బందీ లేకుండా పని నెట్టుకొస్తాడు. పైగా ఆ ల్యాప్‌టాప్ కంపెనీయే ఇస్తుంది, క్లయింటు డేటా మీ సొంత యంత్రంలోకి రావడానికి వీల్లేదు కూడా. కాబట్టి మీరిప్పుడు కొనబోయేది ఉద్యోగానికి కాదు, ఇంట్లో పెట్టుకునే ల్యాబ్‌కు. డేటాఫైలు తీసేసి రికవరీ చేయడం, నోడ్ ఒకటి ఆపేసి రెండోది ఏం చేస్తుందో చూడటం, స్టాండ్‌బైకి మారి మళ్లీ వెనక్కి రావడం, ఇవన్నీ భయం లేకుండా చెడగొట్టి బాగుచేసుకోగల చోటు మీకు కావాలి. ఆ చోటుకు సర్వర్‌కు చేసినట్టే సైజింగ్ చేయాలి, అంటే మెమరీ, డిస్కు, ప్రాసెసర్ ఎంత కావాలో లెక్క వేయాలి. డీబీఏ కాబోయేవారు తమ మొదటి సైజింగ్ తమ ల్యాప్‌టాప్‌కే చేసుకోవడం మంచి అభ్యాసం అని నా ఉద్దేశం.

లెక్క మెమరీతో మొదలుపెడదాం. ర్యాక్‌కు పునాదిగా ఉండే క్లస్టర్ సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ 19సీ గ్రిడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కు ఒక్కో నోడ్‌లో కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని ఒరాకిల్ సంస్థ తన ఇన్‌స్టలేషన్ గైడ్‌లో రాసింది. మన ల్యాబ్‌లో ఒక్కో నోడ్ ఒక వీఎం, అంటే ల్యాప్‌టాప్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ యంత్రం, కాబట్టి రెండు నోడ్లకు 16 జీబీ అయింది. కింద నడిచే విండోస్ 11కు, బ్రౌజర్‌కు, మీరు పక్కన తెరిచి పెట్టుకునే నోట్స్‌కు, పీడీఎఫ్‌లకు కలిపి 6 జీబీ వేసుకోండి. అప్పటికే 22 జీబీ అయింది. డీఎన్ఎస్ (పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే సేవ) కోసం ఒక చిన్న వీఎం విడిగా పెట్టే అలవాటు మీ శిక్షకులు నేర్పి ఉంటే దానికి మరో 1 జీబీ. అంటే ర్యాక్ నిజంగా నడపాలంటే 32 జీబీ కావాలి, 24 జీబీతో ఇరుకుగా నెట్టుకురావచ్చు, 16 జీబీతో కుదరదు. ఇన్‌స్టాలర్ పెట్టే మెమరీ తనిఖీని పట్టించుకోకుండా ఇగ్నోర్ బటన్ నొక్కి, ఒక్కో నోడ్‌కు 4 జీబీ ఇచ్చి ఇన్‌స్టాల్ చేసిన వీడియోలు మీరు చూసే ఉంటారు. ఇన్‌స్టాల్ అవుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆ వీడియోలో ఉండదు.

ఏం జరుగుతుందో నేను అనుభవించాను గనుక చెబుతాను. నేను నేర్చుకునే రోజుల్లో 11జీ ర్యాక్‌ను 8 జీబీ ర్యామ్, నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లో కట్టాను. ఇన్‌స్టలేషన్ బాగానే ముగిసింది, రెండు నోడ్లూ లేచాయి, నేనూ పొంగిపోయాను. మర్నాడు రెండింటినీ ఒకేసారి ఆన్ చేసిన పది నిమిషాలకు రెండో నోడ్‌ను క్లస్టర్ బయటికి నెట్టేసింది. ప్రైవేటు నెట్‌వర్క్‌లో తప్పుందనుకున్నాను. హోస్ట్స్ ఫైలు తిరగేశాను, ఫైర్‌వాల్ ఆపేశాను, ఇంటర్‌కనెక్ట్ ఐపీలు మార్చి మొత్తం మళ్లీ కట్టాను. అలా మూడు రాత్రులు పోయాయి. చివరికి విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి చూస్తే డిస్కు క్యూ ఆకాశాన్ని అంటుతోంది. జరుగుతున్నది ఇది: వీఎంలో మెమరీ చాలక స్వాపింగ్ (మెమరీలో ఉన్నదాన్ని డిస్కు మీదికి మార్చడం) మొదలైంది, స్వాప్ ఉన్నదీ, ఏ నోడ్లు బతికున్నాయో క్లస్టర్ చూసుకునే వోటింగ్ డిస్కు ఉన్నదీ ఆ ఒక్క హార్డ్ డిస్కు మీదే, దాంతో నోడ్ మొత్తం ఊపిరి ఆగినట్టు నిలిచిపోయేది. నోడ్లు ఒకదానికొకటి ప్రైవేటు నెట్‌వర్క్ మీద హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న సంకేతం) పంపుకుంటాయి, అది 30 సెకన్ల పాటు అందకపోతే లినక్స్‌లో డీఫాల్ట్‌గా ఆ నోడ్ పోయినట్టే లెక్క. వోటింగ్ డిస్కు విషయంలో గడువు 200 సెకన్లు. నా నోడ్ పోలేదు, కేవలం డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. క్లస్టర్‌కు ఆ తేడా తెలియదు. తర్వాత ఎస్ఎస్‌డీ వేయించాక అదే కాన్ఫిగరేషన్‌లో ఒక్కసారీ ఎవిక్షన్ (నోడ్‌ను బయటికి నెట్టేయడం) రాలేదు. కొత్తగా నేర్చుకునేవారికి ఇందులో ఉన్న నష్టం సమయం ఒక్కటే కాదు. తప్పు యంత్రానిదైనా తమ అవగాహనదే తప్పనుకుని, సరిగ్గా చేసిన పనిని కూడా అనుమానించడం మొదలుపెడతారు.

అలాగని 16 జీబీ ఉంటే నేర్చుకోవడం ఆగిపోదు. ఒక వీఎంలో ఒరాకిల్ రీస్టార్ట్‌తో (ఒకే సర్వర్‌కు సరిపడే గ్రిడ్) ఏఎస్ఎం, అంటే డిస్కులను ఒరాకిలే చూసుకునే స్టోరేజ్ పద్ధతి, పెట్టుకోవచ్చు. చెరో 4 జీబీతో రెండు వీఎంలు తయారుచేసి, గ్రిడ్ లేకుండా మామూలు ఫైల్ సిస్టమ్ మీద ప్రైమరీ, స్టాండ్‌బై పెట్టి డేటా గార్డ్ మొత్తం నేర్చుకోవచ్చు. ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ బ్యాకప్ సాధనం), ఫ్లాష్‌బ్యాక్, మల్టీటెనెంట్, అప్‌గ్రేడ్, ప్యాచింగ్, ఇవన్నీ ఆ రెండు వీఎంలలోనే అయిపోతాయి. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలలో ఎక్కువగా అడిగేవి కూడా ఇవే గాని ర్యాక్ కాదు. పోస్ట్‌గ్రెస్ అయితే మెమరీ విషయంలో మరీ సాధువు. అది డేటాను ఉంచుకునే మెమరీ భాగమైన షేర్డ్ బఫర్స్ డీఫాల్ట్ విలువ 128 ఎంబీ మాత్రమే, కాబట్టి ఒక ప్రైమరీ, రెండు రెప్లికాలు పెట్టి స్ట్రీమింగ్ రెప్లికేషన్ నేర్చుకోవడానికి 16 జీబీ ల్యాప్‌టాప్ చాలా ఎక్కువ.

అందుకే దుకాణంలో నేను అడగమనే మొదటి ప్రశ్న ర్యామ్ ఎంత ఉంది అని కాదు, ర్యామ్ పెంచుకోవచ్చా అని. పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇస్తారు. స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్5 అని కనిపిస్తే దాదాపు ఖాయంగా అది అతికించిన ర్యామే, జీవితాంతం అంతే. డీడీఆర్4 లేదా డీడీఆర్5 అని మాత్రమే ఉంటే స్లాట్లు ఉండే అవకాశం ఉంది గాని, అది కూడా నమ్మడానికి లేదు, ఎందుకంటే కొన్ని మోడళ్లలో సగం అతికించి ఒక్క స్లాట్ ఇస్తారు. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో తెరిచి, స్లాట్లు ఎన్ని, గరిష్ఠంగా ఎంత వేయవచ్చు అన్నది మీ కళ్లతో చదవండి. అమ్మేవారి నోటిమాట మీద ఆధారపడకండి. ఇప్పుడు 16 జీబీ ఒకే స్టిక్‌గా వేసి ఇచ్చి రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, తర్వాత మరో 16 జీబీ కలుపుకోవచ్చు. ఒక్క స్టిక్ వల్ల మెమరీ వేగం కొంత తగ్గుతుంది గాని మన ల్యాబ్ పనిలో ఆ తేడా తెలియదు. అయితే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక, తర్వాత చూసుకుందాం అనే మునుపటి సలహా ఇప్పుడు అంత చవక సలహా కాదు. 32 జీబీతోనే వచ్చే మోడల్‌కు, 16 జీబీ మోడల్‌కు మధ్య ఉన్న ధర తేడాను, విడిగా కొనే స్టిక్ ధరతో పోల్చి చూసుకునే నిర్ణయించుకోండి.

డిస్కు విషయానికి వస్తే, 512 జీబీ సరిపోతుందని అందరూ అంటారు, కొన్నాళ్లు సరిపోతుంది కూడా. ఒక్కో నోడ్‌కు ఆపరేటింగ్ సిస్టమ్, గ్రిడ్ హోమ్, డేటాబేస్ హోమ్ కలిపి 50 నుంచి 60 జీబీ పెట్టుకోవాలి. ఏఎస్ఎం కోసం పంచుకునే డిస్కులను, వీఎంలను నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ముందే పూర్తి పరిమాణం కేటాయించి చేయాలి, వాడినకొద్దీ పెరిగే రకం డిస్కును షేరబుల్‌గా మార్చనివ్వదు. ఇంకో చిక్కు కూడా ఉంది: అలా పంచుకున్న డిస్కుల స్థితి, వీఎంను ఉన్నదున్నట్టు దాచే స్నాప్‌షాట్‌లో నమోదు కాదు. అంటే ర్యాక్ ల్యాబ్‌ను బాగున్న స్థితికి వెనక్కి తీసుకుపోవాలంటే, రెండు నోడ్లనూ ఆపి, ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి దాచుకోవడమే నమ్మకమైన దారి. అలాంటి రెండు కాపీలు, నాలుగు ఇన్‌స్టలేషన్ జిప్ ఫైళ్లు, పెరుగుతూ పోయే ఆర్కైవ్ లాగ్‌లు, ఆర్‌మ్యాన్ బ్యాకప్‌లు చేరేసరికి 512 జీబీ నిండుతుంది. 1 టీబీ తీసుకోండి, లేదా ఎస్ఎస్‌డీ పెట్టుకునే ఎం.2 స్లాట్ రెండోది కూడా ఉన్న మోడల్ తీసుకుని తర్వాత ఇంకో డిస్కు వేసుకోండి.

వేగం గురించి ప్రకటనల్లో కనిపించే సెకనుకు 3,500 ఎంబీ, 7,000 ఎంబీ అంకెలను మీరు పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అవి పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పటి వేగాలు. డేటాబేస్‌కు కావలసింది వేరు: ప్రతి కమిట్‌కూ, మార్పులను రాసిపెట్టే రీడో లాగ్‌లోకి చిన్న రాత ఒకటి జరిగి, అది డిస్కు మీద నిజంగా పడిందని సమాధానం రావాలి. లాగ్ ఫైల్ సింక్ అనే వెయిట్ ఈవెంట్ మీరు చదివే ఉంటారు, అదే ఇది. ఈ పనిలో చవక ఎస్ఎస్‌డీకి, మంచి ఎస్ఎస్‌డీకి తేడా బాగా కనిపిస్తుంది. చవకవాటిలో ఎక్కువగా ఉండే క్యూఎల్‌సీ రకం డిస్కులు మొదట వేగంగానే ఉంటాయి. కాపీ చేస్తూ పోతే లోపలి క్యాష్ నిండి, ఆ తర్వాత వేగం ఒక్కసారిగా పడిపోతుంది. వీఎం ఫోల్డర్లు కాపీ చేసేది మనమే గనుక ఆ దెబ్బ మనకే తగులుతుంది. టీఎల్‌సీ రకం అడిగి తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌తో పాటు వచ్చే పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్ అనే చిన్న సాధనం ఉంది, దాన్ని మీ వీఎంలో నడిపితే సెకనుకు ఎన్ని నిజమైన రాతలు పడుతున్నాయో తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ ఐఓ క్యాష్ (రాతలను ముందు ల్యాప్‌టాప్ మెమరీలో ఉంచే సెట్టింగు) ఆన్ చేసి ఉంటే ఆ అంకెలు నమ్మశక్యం కానంత బాగుంటాయి, నమ్మకండి. ఆ మాటకొస్తే ల్యాప్‌టాప్‌లో కొలిచిన ఏ పెర్‌ఫార్మెన్స్ అంకెనూ ప్రొడక్షన్ గురించి మాట్లాడటానికి వాడకండి.

ఇక ఐ7 సంగతి. స్టిక్కర్ మీద ఉన్న 7 అనే అంకె కంటే చివర ఉన్న అక్షరం ముఖ్యం. ఉదాహరణకు ఐ7-1355యూ అనే ప్రాసెసర్‌లో పూర్తి బలమున్న కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ కరెంటు పొదుపు చేసే చిన్న కోర్లు. దానికన్నా చిన్న పేరున్న ఐ5-13500హెచ్‌లో పెద్ద కోర్లు నాలుగు, చిన్నవి ఎనిమిది. రెండు వీఎంలకు చెరో రెండు కోర్లు ఇచ్చి ఒకేసారి నడిపే మనకు రెండోదే నయం. యూ రకం పలుచని ల్యాప్‌టాప్‌ల కోసం, హెచ్ రకం ఎక్కువ కరెంటు తీసుకుని ఎక్కువసేపు పూర్తి బలంతో నడవడం కోసం చేసినవి. ఏఎండీలో రైజెన్ 7 7735హెచ్ఎస్ వంటివాటిలో ఎనిమిది కోర్లూ ఒకే రకం కాబట్టి వీఎం ఏ కోర్ మీద పడిందన్న చింతే ఉండదు. ఈ కారణంగా నాకు అవి కొంచెం ఎక్కువ ఇష్టం. ఆరు నుంచి ఎనిమిది మంచి కోర్లు చాలు. గ్రాఫిక్స్ కార్డు డీబీఏకు అక్షరాలా ఎందుకూ పనికిరాదు.

మ్యాక్‌బుక్ ఎయిర్ అద్భుతమైన యంత్రం, నిశ్శబ్దంగా ఉంటుంది, బ్యాటరీ రోజంతా వస్తుంది. కానీ 2020లో వచ్చిన ఎం1 నుంచి అవి ఏఆర్ఎం ప్రాసెసర్లు. మీ కోర్సులో ఇచ్చిన వీఎంలు, మీ నోట్స్‌లో ఉన్న ఇన్‌స్టలేషన్ పద్ధతి, మీరు రేపు పనిచేయబోయే సర్వర్లలో అత్యధికం ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) ప్రపంచానివి. ఏఆర్ఎం లినక్స్ కోసం ఒరాకిల్ 2023లో 19సీని విడుదల చేసింది గనుక సింగిల్ ఇన్‌స్టెన్స్ (ర్యాక్ కాని మామూలు డేటాబేస్) నేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అయితే హాయిగా నడుస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మాత్రం మైక్రోసాఫ్ట్ ఏఆర్ఎం మీద మద్దతు ఇవ్వదు, దాన్ని నడిపించే ఎస్ఎస్ఎంఎస్ సాధనం విండోస్‌కే పరిమితం. నేర్చుకునే దశలో ప్రతి తప్పుకూ ఇది నా తప్పా, ప్రాసెసర్ తేడానా అని రెండుసార్లు ఆలోచించాల్సి రావడం అనవసరపు బరువు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది, మోడల్ పేరు చూసి పొరపాటున కొనేయకండి. మీరు ఉద్యోగంలో చేరి రెండేళ్లు గడిచాక, ల్యాబ్ క్లౌడ్‌కు మారాక, అప్పుడు మ్యాక్ తీసుకోండి, నేనేమీ అడ్డు చెప్పను.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన భయం ఆటల గురించి అనుకుంటాను, అది మీరూ ఆయనా తేల్చుకోవలసిన విషయం. యంత్రంగా చూస్తే, మీ బడ్జెట్‌లో హెచ్ రకం ప్రాసెసర్, రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు, గంటల తరబడి వేడిని బయటికి పంపే ఫ్యాన్లు, నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకునే పోర్టు, ఇవన్నీ ఒకే పెట్టెలో దొరికేది ప్రవేశ స్థాయి గేమింగ్ ల్యాప్‌టాప్‌లోనే. మనకు అక్కర్లేని గ్రాఫిక్స్ కార్డుకు కొంత డబ్బు పోతుంది, బరువు రెండు కిలోలు దాటుతుంది, బ్యాటరీ మూడు నాలుగు గంటలకు మించదు. ఇంట్లో బల్ల మీద ఉండే ల్యాబ్‌కు ఈ లోపాలు లోపాలు కావు. గ్రాఫిక్స్ కార్డులలో అన్నిటికన్నా చిన్నది ఉన్న మోడల్ ఎంచుకుని, మిగిలిన డబ్బును ర్యామ్ మీద పెట్టండి.

ఏది కొన్నా, మొదటి రోజే చేయవలసిన పని ఒకటుంది. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ అయి ఉందో లేదో చూడండి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది. ఆ తర్వాత వర్చువల్‌బాక్స్‌లో వీఎం నడుస్తున్నప్పుడు కింది పట్టీలో చిన్న ఆకుపచ్చ తాబేలు కనిపిస్తే, విండోస్‌లోని హైపర్-వీ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ అప్పటికే ప్రాసెసర్‌ను తన చేతిలోకి తీసుకుందని, మీ వీఎం దాని వెనక నిలబడి నెమ్మదిగా నడుస్తోందని అర్థం. డాకర్ డెస్క్‌టాప్ లేదా డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల లినక్స్) వేసుకున్నా, కొత్త విండోస్ 11 యంత్రాల్లో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉన్నా ఈ తాబేలు వస్తుంది. మెమరీ ఇంటిగ్రిటీని ఆపితే భద్రత కొంత తగ్గుతుంది కాబట్టి, బ్యాంకు పనులు చేసుకునే యంత్రంలో ఆపమని నేను చెప్పను. ల్యాబ్‌కే పరిమితమైన యంత్రంలో ఆపుకోవచ్చు.

స్క్రీన్, కీబోర్డు గురించి రెండు మాటలు చాలు. రిజల్యూషన్ 1920 × 1080 కన్నా తక్కువ వద్దు, 1920 × 1200 దొరికితే ఎగ్జిక్యూషన్ ప్లాన్‌లో ఇంకొన్ని వరుసలు కనిపిస్తాయి. హోమ్, ఎండ్ కీలు విడిగా ఉన్న కీబోర్డు చూసుకోండి. రోజుకు వందసార్లు వాడే కీ కోసం ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాల్సి రావడం ఎంత చిరాకో వాడినవారికే తెలుసు.

బ్యాటరీ తక్కువైతే ఆన్-కాల్ రాత్రుల్లో ఇబ్బంది కాదా అని అడిగారు. కరెంటు పోతే ముందు పోయేది ల్యాప్‌టాప్ కాదు, వైఫై రూటర్. రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం అలవాటుది: గంటల తరబడి నడిచే స్క్రిప్టును నోహప్ కమాండ్‌తో గాని స్క్రీన్ అనే లినక్స్ సాధనం సెషన్‌లో గాని సర్వర్ మీదే వదిలేస్తే, మీ ల్యాప్‌టాప్ ఆరిపోయినా అది నడుస్తూనే ఉంటుంది. డేటా పంప్ (ఒరాకిల్ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ సాధనం) జాబ్ అయితే సర్వర్‌లోనే నడుస్తుంది, కనెక్షన్ తెగినా మళ్లీ అటాచ్ అయి చూసుకోవచ్చు.

బడ్జెట్ ఇంకా తగ్గించుకోవాలనుకుంటే, కంపెనీలు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ యంత్రాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల దొరుకుతాయి. కీబోర్డులు బాగుంటాయి, చాలా మోడళ్లలో ర్యామ్ స్లాట్లు ఉంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11కు అర్హత ఉన్న తరం ప్రాసెసర్ మాత్రమే తీసుకోండి. అక్కడే నిలబడి బయోస్ తెరిచి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి, అడిగితే వర్చువలైజేషన్ కూడా ఆన్ చేసుకోలేరు. విండోస్‌ను కొత్తగా రీసెట్ చేయించి, ఏదో కంపెనీ లాగిన్ పేజీ వస్తే తిరిగి ఇచ్చేయండి. పాత యజమాని దాన్ని తమ జాబితాలోంచి తీయలేదని అర్థం. డిస్కు ఆరోగ్యం, బ్యాటరీ రిపోర్టు రెండూ మీ ముందే తీయమనండి.

కొత్తది కొన్నా, పాతది కొన్నా, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే దానికి ఒక పరీక్ష పెట్టండి. ఒరాకిల్ లినక్స్‌తో రెండు వీఎంలు చేసి, చెరో 8 జీబీ ఇచ్చి (16 జీబీ యంత్రమైతే చెరో 4 జీబీ), ఒకదానిలో ఆర్‌మ్యాన్ బ్యాకప్, రెండోదానిలో పెద్ద ఇంపోర్ట్ ఒకేసారి మొదలుపెట్టి నాలుగు గంటలు వదిలేయండి. మొదటి పది నిమిషాల్లో పట్టిన సమయానికి, చివరి పది నిమిషాల్లో అదే పనికి పట్టిన సమయానికి తేడా ఎంతో రాసుకోండి. రెట్టింపు దాటితే లోపల వేడి గాని, డిస్కు గాని చేతులెత్తేసిందన్నమాట. ఆ యంత్రం వెనక్కి పంపి ఇంకో మోడల్ చూసుకోండి.